దారి తెలిసినవాళ్లే పటం గీస్తే

ఖిలా వరంగల్ నుంచి ఎనుమాముల మార్కెట్టుకు సైకిల్ మీద ఎట్లా పోవాలి? ఎవరైనా అడిగితే మనం రోడ్డు పేరు చెప్పం. "కోట దర్వాజ దాటాలె. మలుపుకాడ బెల్లు కొట్టాలె, ఎదురుంగ వచ్చే ఆటో కనపడదు" అంటాం. ఎక్కడ ఎత్తు ఉందో మనకు తెలుసు. వానకాలంలో ఏ కల్వర్టు మీద నీళ్లు పారుతాయో తెలుసు. ఏ గల్లీలో లైట్లు ఉండవో తెలుసు. కానీ ఇది ఎక్కడా రాసి లేదు. కొత్తగా వచ్చిన కోడలుకు, హైస్కూలుకు పోయే పిల్లకు ఎట్లా తెలుస్తుంది?

తమిళనాడులో పుదుక్కోట్టై జిల్లా ఉంది. 1991లో అక్కడ చదువు ఉద్యమం నడిచింది. ఆడవాళ్లు అక్షరాలతోపాటు సైకిలూ నేర్చుకున్నారు. అప్పటి కలెక్టరు షీలారాణి చుంకత్ అండగా నిలిచారు. 1992 మహిళా దినోత్సవం నాడు 1,500 మందికి పైగా ఆడవాళ్లు సైకిళ్ల మీద పుదుక్కోట్టై పట్నంలోకి వచ్చారు. వాళ్లకు ఎన్ని దారులు తెలిసి ఉంటాయో! అవి అందరికీ అందేటట్టు పటంలో పెట్టే సాధనం అప్పుడు లేదు. ఇప్పుడు ఉంది.

2004లో ఇంగ్లండులో స్టీవ్ కోస్ట్ అనే ఆయన ఓపెన్ స్ట్రీట్ మ్యాప్ మొదలుపెట్టాడు. అంటే అందరిదీ అయిన వీధుల పటం. అప్పట్లో అక్కడ సర్కారు పటాల వివరాలు వాడుకోవాలంటే పైకం కట్టాలి. అందుకని జనమే తిరిగి తమ వీధులు గీసుకున్నారు. కొందరు సైకిళ్ల మీదనే తిరిగారు. ఇప్పుడు ఈ పటం ప్రపంచమంతా ఉంది. వరంగల్ కూడా అందులో ఉంది. ఇంటర్నెట్ ఉంటే చాలు, చూసినందుకు పైసా కట్టనక్కర లేదు.

పని ఎట్లా జరుగుతుంది? ఆకాశం నుంచి తీసిన ఫొటో ముందు ఉంటుంది. బాట కనిపిస్తే దాని మీద గీత గీస్తారు. తారు రోడ్డా, మట్టి బాటా, సైకిలు పోతదా, లైట్లు ఉన్నాయా అని రాస్తారు. వీధి పేరు తెలుగులో కూడా రాయొచ్చు. ఫొటోలో బాట కనపడుతుంది గాని బాట పేరు కనపడదు. అది అక్కడ తిరిగేవాళ్లే చెప్పాలి. స్ట్రీట్‌కంప్లీట్ అనే ఫోను యాప్ అయితే మనం నిలబడ్డ చోటనే ప్రశ్నలు అడుగుతుంది. జవాబు నొక్కితే పటంలోకి ఎక్కుతుంది. ఈ వివరాలతోనే సైకిలువాళ్ల కోసం వేరే పటాలు వేశారు. వాటిలో ఎత్తుపల్లాలు తెలుస్తాయి.

ఇట్లా పటాలు గీసేవాళ్లలో ఆడవాళ్లు చాలా తక్కువ. చీకటి మలుపు, ఆడవాళ్ల మరుగుదొడ్డి, అంగన్‌వాడీ మగవాళ్ల కంట పడకపోవచ్చు. అక్కలారా, మనం రాయకపోతే అవి పటంలోకి ఎట్లా వస్తాయి?

తప్పు రాస్తే ఎవరైనా దిద్దొచ్చు. ఎవరు ఏం మార్చారో లెక్క ఉంటుంది. అయినా కళ్లారా చూసిందే రాయాలి. లేని బాట ఉన్నదని రాస్తే, పొద్దుగూకినాక ఒక పిల్ల పొలాల నడుమ చిక్కుకుంటుంది. కంపెనీల పటాలు చూసి ఎక్కించకూడదు. ఏ ఇంట్లో ఎవరు ఉంటారో అసలే రాయకూడదు. ఇంకో మాట. 2020 ఆగస్టు వానలకు వరంగల్, హనుమకొండల్లో ఎన్నో కాలనీలు నీట మునిగాయి. అట్లాంటప్పుడు పటాన్ని నమ్మి నీళ్లలో దిగొద్దు. పటంలో రోడ్డు ఎప్పుడూ పొడిగానే ఉంటుంది.

ఫోను లేకున్నా మొదలుపెట్టొచ్చు. ఒక కాగితం తీసుకోండి. మీ ఇంటి నుంచి రేషన్ దుకాణం దాకా దారి గీయండి. బోరింగు, మోరీ, చెరువు కట్ట గుర్తు పెట్టండి. లైటు లేని చోట నల్లగా రుద్దండి. పేర్లు మీ చేత్తో రాయండి. పక్కింటామెను కూడా గీయమనండి. రెండు కాగితాలు పక్కపక్కన పెట్టి చూడండి. ఆమె పెట్టిన గుర్తుల్లో మీరు మరిచిపోయినవి ఏవి?