సంఘపు ఖాతాల సూచిక పాతబడకుండ నుంచు విధము

2022 జూన్ నెలలో కేంద్ర మంత్రివర్గము 63,000 ప్రాథమిక వ్యవసాయ పరపతి సంఘముల లెక్కలను కంప్యూటరులోనికి మార్చుటకు ఆమోదము తెలిపినది. ఆవర్జాలలోని ఖాతాలు డేటాబేసులోనికి చేరినపుడు సభ్యులెఱుగదగిన విషయమొకటి గలదు. దానినే యీ నెల పాఠముగా గైకొనుచున్నాము.

ఆవర్జా మొదట పేర్ల సూచిక యుండును. గుమాస్తా అందు పేరు చూచి పుట తీయును. డేటాబేసునందును సూచిక చేయు పని యిదియే. మైసీక్వెల్, పోస్ట్‌గ్రెస్ వంటి డేటాబేసులలో పద్దు వ్రాసినతోడనే సూచికయు సవరింపబడును. కాని పేరులోని యొక ముక్కతోనో, గ్రామముతోనో వెదకుటకు స్ఫింక్స్ వంటి ప్రత్యేకసాధనమును పెట్టి, దాని సూచికను వేఱుగా కట్టుటయు గలదు. అట్టి సూచిక తాను కట్టబడిననాటి ఖాతాలనే యెఱుగును.

మన ఖాతాలు తఱచుగా మాఱవు. సభ్యుడు గతించి వారసుడు చేరుట, భూమి చేతులు మాఱుట వంటివి కొన్నియే. 3 లక్షల ఖాతాలలో దినమునకు 300 మాఱుననుకొందము. ప్రతిరాత్రియు సూచికనంతను తిరిగి కట్టిన, వేయింట 999 పాళ్లు చేసిన పనినే చేయుట యగును. మార్పులు స్వల్పమే కదాయని మానితిమా, ఏరువాకకు ముందు పంటఋణమునకు వచ్చిన వారసునికి "నీ పేరు లేదు" అను మాట యెదురగును. మార్పులు కొద్దియైనను ఆ యొక్కనికి కలుగు నష్టము కొద్ది కాదు.

కావున రెండు సూచికలుంచుట మేలు. పెద్దది అన్ని ఖాతాలకును. చిన్నది, పెద్దది కట్టిన తరువాత మాఱిన ఖాతాలకు మాత్రమే. చిన్నదానిని కొన్ని నిమిషముల కొకసారి కట్టినను శ్రమ లేదు. వెదకునపుడు రెంటిని చూడవలయును. చిన్నది పెరిగినపుడు పెద్దదానిలో కలుపవలయును.

ఇందు మూడు జాగ్రత్తలు గలవు:

1. ప్రతి పద్దునకు మాఱిన తేదీయు వేళయు వ్రాసియుండవలయును. లేనిచో చిన్న సూచికలో చేర్పదగినవి యెవ్వియో తెలియదు.

2. మాఱిన ఖాతా యొక్క పాతరూపము పెద్ద సూచికనుండి కనబడకుండ రద్దు జాబితా యుండవలయును.

3. పద్దును తుడిచివేయక, "తొలగింపబడినది" అని గుర్తు పెట్టవలయును. తుడిచిన పద్దునకు తేదీ మిగులదు. సూచికలో మాత్రము పేరు మిగులును.

సభ్యులారా! వెదకిన పేరు దొరకనిచో ఊరక మరలిపోకుడు. ఖాతా నంబరుతో మూలపుపద్దునే చూడుమని గుమాస్తాను కోరుడు. సూచిక కట్టిన తేదీ యెద్దియో మహాజనసభలో నడుగుడు. సూచిక ఖాతాకు దారి చూపునదే కాని ఖాతా కాదు.