90 రోజులా, 183 రోజులా? ఐరోపాలో నివాసం, పన్ను

ఐరోపా సమాఖ్య (ఈయూ) పౌరులు ఏ సభ్యదేశంలోనైనా పనిచేసుకోవచ్చు. ఆదాయపు పన్ను మాత్రం ఏ దేశానిది ఆ దేశానిదే. ప్రత్యక్ష పన్నులపై ఈయూ చట్టం తేవాలంటే సభ్యదేశాలన్నీ ఏకగ్రీవంగా ఒప్పుకోవాలి. అది ఎంత కష్టమో చెప్పనక్కర్లేదు.

తికమకపెట్టేవి రెండు సంఖ్యలు. లోపలి సరిహద్దుల్లో తనిఖీలు లేని షెంగెన్ ప్రాంతంలో భారతీయుల వంటి విదేశీ సందర్శకుల బసకు హద్దు ఏ 180 రోజుల్లోనైనా 90 రోజులు. ఇది వీసా నిబంధన. (ఐర్లాండ్ ఈయూలో ఉన్నా షెంగెన్‌లో లేదు.) 183 రోజులన్నది పన్ను లెక్క. చాలా దేశాలు ఏడాదిలో అంతకు మించి ఉన్నవారిని పన్ను నివాసులుగా పరిగణిస్తాయి. అంతకు తక్కువైతే పన్ను లేదనుకోవద్దు. జర్మనీలో పన్ను నివాసి కావడానికి సొంత వాడకానికి ఇల్లు ఉంచుకున్నా చాలు. సైప్రస్ కొన్ని షరతులతో 60 రోజులకే నివాస హోదా ఇస్తుంది.

రెండు దేశాలూ 'మా నివాసే' అంటే? ఆర్థిక సహకార, అభివృద్ధి సంస్థ (ఓఈసీడీ) నమూనా పన్ను ఒప్పందం 4వ అధికరణం వరస చూపుతుంది: శాశ్వత గృహం, వ్యక్తిగత-ఆర్థిక సంబంధాల కేంద్రం, అలవాటుగా ఉండే చోటు, ఆ తర్వాతే పౌరసత్వం. అప్పటికీ తేలకపోతే ఇరు దేశాల అధికారులు మాట్లాడుకుని తేలుస్తారు.

సామాజిక భద్రత దారి వేరు. ఈయూ 883/2004 నిబంధన ప్రకారం ఒక సమయంలో ఒకే దేశ చట్టం వర్తిస్తుంది. అందుకు రుజువు ఏ1 పత్రం. సంస్థ తాత్కాలికంగా మరో సభ్యదేశానికి పంపిన ఉద్యోగి 24 నెలల వరకు పాత వ్యవస్థలోనే కొనసాగవచ్చు.