ఇంటి వంట – దాంపత్యపు పంట

(ధ్యానించవలసిన వేదభాగాలు: కీర్తన 128, లూకా 10:38-42, యోహాను 21:1-14)



వివాహమనగానే మనకు గుడి, బలిపీఠం, గురువులు ఆశీర్వదించిన తాళిబొట్టు, ఉంగరాలు, బంధుమిత్రుల సందడి గుర్తుకు వస్తాయి. ఆ పూజ ఒక గంటలో ముగుస్తుంది. ఆనాడు చేసిన ప్రమాణాన్ని నెరవేర్చే చోటు మాత్రం ఇల్లు. ఇంట్లోనూ ప్రతిరోజూ తప్పనిసరిగా పని ఉండే చోటు వంటిల్లు. రోజుకు రెండు పూటల భోజనమే లెక్క వేసుకున్నా, రజతోత్సవం జరుపుకొనే నాటికి ఒక జంట ఇంట 18,250 సార్లు వంట జరుగుతుంది. ఇన్నిసార్లు చేసే పనిలో ప్రేమ పెరగవచ్చు, విసుగూ పెరగవచ్చు. ఏది పెరగాలన్నది చాలావరకు మన చేతుల్లోనే ఉంది. అందుకే ఈ వారం మన పాఠం ఇంటి వంటను గురించి.

రెండవ వాటికన్ మహాసభ 1964లో శ్రీసభను గురించి వెలువరించిన ప్రకటనలో కుటుంబాన్ని గృహశ్రీసభగా పేర్కొన్నది. 1981లో పోపు రెండవ జాన్ పాల్ గారు కుటుంబాన్ని గురించి వ్రాసిన లేఖలో ఈ బోధననే మరింత వివరించారు. విచారణ గుడిలో బలిపీఠం చుట్టూ చేరినట్లే, గృహశ్రీసభలో మనం భోజనం చుట్టూ చేరుతాం. బల్ల ఉన్న ఇంట బల్ల, లేని ఇంట చాప. ఏదైనా ఫరవాలేదు, చేరడం ముఖ్యం.

వేదగ్రంథంలో వంటిల్లు

128వ కీర్తన దైవభీతి గల కుటుంబాన్ని వర్ణిస్తుంది. అందులో భర్త తన చేతి కష్టంతో సంపాదించినది తింటాడు. భార్య ఇంటిలో ఫలించిన ద్రాక్షతీగ వంటిది. పిల్లలు భోజనపు బల్ల చుట్టూ ఓలివు మొక్కల వలె ఉంటారు. దేవుని ఆశీర్వాదం ఎలా ఉంటుందో చూపడానికి కీర్తనకారుడు మేడలను, ధనాగారాలను ఎంచుకోలేదు. ఒక కుటుంబం కలసి అన్నం తినే దృశ్యాన్ని ఎంచుకున్నాడు.

ఆదికాండం 18వ అధ్యాయం చూడండి. ముగ్గురు అతిథులు గుడారం వద్దకు వచ్చారు. అబ్రహాము త్వరత్వరగా లోపలికి వెళ్లి పిండి పిసికి రొట్టెలు చేయమని సారాతో చెప్పాడు. అంతటితో కూర్చోలేదు. తానే పశువుల మందకు పరుగెత్తి లేతదూడను ఎంచి తెచ్చాడు. వెన్న, పాలు తెచ్చి వడ్డించి, వారు తింటున్నంతసేపు చెట్టు క్రింద వారి దగ్గర నిలబడ్డాడు. అప్పటికి అతని వయస్సు 99 సంవత్సరాలు! విశ్వాసులకు తండ్రి అని మనం పిలుచుకొనే ఆ పెద్దాయన భార్యతో కలసి అతిథులకు విందు సిద్ధం చేశాడు. "వంట ఆడవాళ్ల పని" అనే భర్తలు ఈ అధ్యాయాన్ని ఒకసారి నెమ్మదిగా చదవాలి.

యేసు ప్రభువు చెప్పిన ఉపమానాలలో కూడా వంటింటి వాసన ఉన్నది. ఒక స్త్రీ మూడు కుంచాల పిండిలో కలిపిన పులిసిన పిండిని ఆయన దేవుని రాజ్యానికి పోలికగా చెప్పారు. ఉప్పు గురించి, దీపం గురించి, పాత బట్టకు వేసే మాసిక గురించి చెప్పారు. నజరేతులో మరియమాత పనిపాటలు చూస్తూ పెరిగిన బిడ్డ కదా! యాయీరు కుమార్తెను బ్రతికించిన తరువాత, అందరూ ఆశ్చర్యంతో నిలబడి ఉండగా, ఆ పాపకు తినడానికి ఏమైనా పెట్టమని గుర్తు చేసినది కూడా ఆయనే.

అన్నిటికంటె గొప్ప సంగతి యోహాను సువిశేషం 21వ అధ్యాయంలో ఉన్నది. పునరుత్థానుడైన ప్రభువు తిబేరియా సరస్సు ఒడ్డున బొగ్గుల నిప్పు రాజేసి, చేపలు, రొట్టెలు సిద్ధం చేసి, రాత్రంతా వల వేసి అలసిపోయిన శిష్యులను భోజనానికి పిలిచారు. మరణాన్ని జయించిన చేతులు వంట చేశాయి. తనను ఎరుగనని బొంకిన పేతురుకు ముందు కడుపు నిండా పెట్టి, ఆ తరువాతనే "నన్ను ప్రేమించుచున్నావా?" అనే ప్రశ్న వేశారు. ఇంట్లో మనస్పర్థ వచ్చినప్పుడు కూడా ఈ వరుసే మంచిది. ఆకలి మీద ఉన్న మనిషితో వాదం పెట్టుకోవద్దు.

మార్తమ్మగారికి ప్రభువు చెప్పినదేమిటి?

లూకా 10వ అధ్యాయాన్ని చదివి, ప్రభువు వంట పనిని తక్కువ చేశారని కొందరు అనుకుంటారు. అది సరికాదు. ఆ ఇంటి భోజనాన్ని ఆయన ప్రేమతో స్వీకరించారు. మార్తమ్మ పెక్కు పనులను గూర్చి కలత చెందడాన్ని, చెల్లెలి మీద ఫిర్యాదు చేయడాన్ని మాత్రమే ఆయన సరిదిద్దారు. పని ఎక్కువై మనసులో శాంతి పోయిననాడు, ఎదుట ఉన్న మనిషి కనిపించడు. పది రకాలు వండి, ముఖం చిట్లించుకొని వడ్డించే విందు కంటె, నవ్వుతూ పెట్టిన పప్పు, చారు మేలు. సామెతల గ్రంథం 15:17లో ఉన్న బోధ ఇదే.

అదే మార్తమ్మ యోహాను 11వ అధ్యాయంలో ప్రభువును దేవుని కుమారునిగా ఒప్పుకొన్నది. గరిటె పట్టిన చేయి గలామెకు లోతైన విశ్వాసం ఉండవచ్చునని అక్కడ తెలుస్తుంది. శ్రీసభ జూలై 29న ఆమెను స్మరిస్తుంది. 2021 నుండి ఆమెతోపాటు మరియను, లాజరును కూడా అదే రోజున స్మరిస్తున్నాము. 17వ శతాబ్దంలో పారిస్ నగరంలోని కార్మెలు మఠంలో బ్రదర్ లారెన్స్ అనే సన్యాసి చాలా సంవత్సరాలు వంటవాడిగా పనిచేశాడు. గిన్నెల చప్పుడు మధ్య కూడా దేవుని సన్నిధిని అనుభవించవచ్చునని ఆయన తన జీవితంతో నేర్పాడు. బియ్యం కడుగుతూ పరలోక జపం చెప్పుకొనే తల్లులకు ఈ సంగతి కొత్తది కాదు.

ఇంటి వంటలోని ఆనందం

ఆనందానికి పెద్ద ఖర్చు అక్కర లేదు. ఒకరు గోంగూర ఆకు తుంచుతుంటే, ఒకరు వెల్లుల్లి ఒలుస్తుంటే, ఆ పదిహేను నిమిషాలలో పొలం సంగతులు, ఆఫీసు సంగతులు, పిల్లల చదువు, రేపటి ఖర్చు అన్నీ మాట్లాడుకోవచ్చు. ఎదురెదురుగా కూర్చోబెట్టి "చెప్పు" అంటే నోరు మెదపని భర్త, చేతిలో చిక్కుడు కాయలు పెడితే మనసు విప్పుతాడు. పోపులో ఆవాలు చిటపటలాడిన చప్పుడు, ఇంగువ వాసన పిల్లలకు జీవితాంతం గుర్తుంటాయి. ఆదివారం పూజ నుండి రాగానే కోడికూర ఉడుకుతున్న ఇల్లు, క్రిస్మసు ముందు రాత్రి అరిసెల పాకం చుట్టూ చేరిన ఇల్లు బిడ్డలకు విశ్వాసాన్ని కూడా నేర్పుతాయి. ప్రభువు దినం మిగతా రోజులవంటిది కాదని వారికి మొదట నాలుక ద్వారానే తెలుస్తుంది.

కొత్తగా పెళ్లయిన ఇంట్లో వంట మరొక పాఠం చెబుతుంది. ఆమె పుట్టింట పులుపు ఎక్కువ కావచ్చు, అతని ఇంట కారం ఎక్కువ కావచ్చు. ఒకరు జొన్నరొట్టె తిని పెరిగారు, ఒకరు రెండు పూటలా వరి అన్నం తిని పెరిగారు. "మా అమ్మ చేసినట్టు లేదు" అనే మాట ఎన్ని కాపురాలలో మొదటి కన్నీటికి కారణమైందో! అమ్మ వంట అమ్మదే. భార్య వంట వేరు. ఇద్దరి ఊళ్ల రుచులు కొంతకాలానికి కలసి మూడవ రుచి ఒకటి తయారవుతుంది. అది ఆ ఇంటికే సొంతం. ఇద్దరు ఏకశరీరులవుతారన్న దైవవాక్కు కూర గిన్నెలో కూడా నెరవేరుతుందన్నమాట.

ఇంకొక సంగతి. ఉప్పు ఎక్కువైతే పెద్దగా చెబుతాం, సరిపోతే మాట్లాడం. ఏడాదిలో 360 రోజులు బాగున్న కూరకు మెప్పు లేదు, 5 రోజులు మాడిన కూరకు మాత్రం పంచాయితీ! పోపు ఫ్రాన్సిస్ గారు 2016లో వెలువరించిన 'అమోరిస్ లెతీత్సియా' అనే ఉపదేశంలో కుటుంబానికి మూడు మాటలు అవసరమన్నారు. అనుమతి కోరే మాట, కృతజ్ఞత తెలిపే మాట, క్షమాపణ అడిగే మాట. "కూర బాగుంది" అన్న రెండు ముక్కలు కృతజ్ఞతలో భాగమే. చెప్పడానికి డబ్బు కాదు, మనసు కావాలి.

చివర తినే తల్లి

ప్రియ దంపతులారా! ఇక్కడ కొంచెం ఆగి, మన ఇళ్లను మనం పరీక్షించుకోవాలి. మన ఇళ్లలో చాలా చోట్ల ముందు భర్త, తరువాత పిల్లలు, అత్తమామలు తింటారు. చివరకు మిగిలినది ఇల్లాలు తింటుంది. కూర అయిపోతే పచ్చడి మెతుకులు, అవీ చాలకపోతే మజ్జిగ. దీనిని త్యాగమని మెచ్చుకుంటూ వచ్చాం. ఫలితం ఏమిటి? 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15 నుండి 49 సంవత్సరాల వయస్సు గల స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత ఉన్నది. అంటే ప్రతి ఇద్దరిలో ఒకరికంటె ఎక్కువ. మెట్లెక్కితే ఆయాసం, తల తిరగడం, ఎప్పుడూ నీరసం. "మా ఆవిడకు ఓపిక లేదు, ఊరికే విసుక్కుంటుంది" అనే భర్త ఆమె కంచంలోకి ఒకసారి తొంగి చూడాలి. రక్తహీనతకు తిండి ఒక్కటే కారణం కాకపోయినా, చాలీచాలని తిండి పెద్ద కారణాలలో ఒకటి.

పునీత పౌలుగారు కొరింతు సంఘాన్ని గట్టిగా మందలించిన సందర్భం ఏది? ప్రభువు విందుకు కూడినప్పుడు కొందరు ముందే తిని మత్తులై ఉండగా, కొందరు ఆకలితో ఉండిపోయారు. కనుక ఒకరికొరకు ఒకరు ఎదురు చూడమని ఆయన ఆజ్ఞాపించారు (1 కొరింతీ 11:21, 33). ఆ ఆజ్ఞ గృహశ్రీసభకు కూడా వర్తిస్తుంది. గుడిలో ఒకే దివ్యసత్ప్రసాదాన్ని లోకొని, ఇంటికి వచ్చి భార్యకు అడుగంటిన అన్నం మిగల్చడం ఎలా సబబు?

చేయవలసినది కష్టమైన పని కాదు. గిన్నెలన్నీ మధ్యలో పెట్టుకొని అందరూ ఒకేసారి కూర్చోవాలి. ఎవరికి వారు వడ్డించుకోవాలి. వండిన చేతికి మొదటి ముద్ద దక్కాలి. వారంలో రెండు మూడు సార్లైనా తోటకూర, గోంగూర, మునగాకు వంటి ఆకుకూరలు, పప్పు, వీలైతే గుడ్డు, చేప, మాంసం ఉండాలి. భోజనంలో నిమ్మరసమో, ఉసిరికాయో ఉంటే ఆకుకూరలలోని ఇనుము ఒంటికి బాగా పడుతుంది. అన్నం తిన్న వెంటనే టీ త్రాగితే ఆ మేలు తగ్గిపోతుంది. నీరసం విడవకపోతే ఆసుపత్రిలో రక్తపరీక్ష చేయించాలి.

ఈ మాట దగ్గర సంపాదన సంగతి కూడా చెప్పక తప్పదు. కూలి డబ్బు ఇంటికి చేరకముందే త్రాగుడుకు పోతే, ఎంత నేర్పుగల ఇల్లాలైనా ఏమి వండుతుంది? 1990ల ఆరంభంలో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారా మీద తిరగబడ్డారు. ఆ ఉద్యమం రాష్ట్రమంతా వ్యాపించి, 1993 అక్టోబరు 1 నుండి ఆంధ్రప్రదేశ్‌లో సారా నిషేధం వచ్చింది. పిల్లల అన్నం కోసం తల్లులు చేసిన పోరాటమది. కానీ చట్టం దుకాణాన్ని మూయగలదే గాని, మనసును మార్చలేదు. ఆ పని భర్త తన ప్రమాణాన్ని గుర్తు తెచ్చుకొని తానే చేయాలి.

కలసి తినడం, పంచి తినడం

2015 నవంబరు 11న రోములో ఇచ్చిన ఉపదేశంలో పోపు ఫ్రాన్సిస్ గారు, కలసి భోజనం చేయని కుటుంబం, చేసినా టెలివిజన్ వైపో, సెల్‌ఫోన్ వైపో చూస్తూ మాట్లాడుకోని కుటుంబం నిజమైన కుటుంబమనిపించుకోదని హెచ్చరించారు. షిఫ్టు పనులు, ట్యూషన్లు, దూరప్రాంతపు ఉద్యోగాల వల్ల మూడు పూటలా కలవడం అందరికీ కుదరదు. ఒక్క పూటైనా కుదుర్చుకోవచ్చు. గల్ఫ్ దేశాలలో పనిచేసే భర్తో, భార్యో ఉన్న ఇళ్లలో, భోజనానికి ముందు జపంలో వారి పేరు తలిస్తే, దూరాన ఉన్నవారికి కూడా ఆ పంక్తిలో చోటు దొరుకుతుంది.

వంటింట్లో ఉపవాసానికి కూడా చోటు ఉన్నది. విభూది బుధవారం, పవిత్ర శుక్రవారం 18 ఏళ్లు నిండినవారు 60వ ఏట ప్రవేశించే వరకు ఉపవాసం ఉండాలి. 14 ఏళ్లు నిండినవారందరూ ఆ రోజులలో మాంసం మానాలి. ఆ రోజు మిగిలిన డబ్బును, బియ్యాన్ని పేదలకిస్తేనే ఉపవాసం పూర్తవుతుంది. తోబీతు పండుగ భోజనానికి కూర్చుంటూనే, ఎవరైనా పేదవాడు కనిపిస్తే తోడుకొని రమ్మని కుమారుని పంపాడు (తోబీతు 2:1-2). సారెఫతు విధవరాలు చివరి పిడికెడు పిండితో ఏలీయా ప్రవక్తకు ముందు రొట్టె చేసిపెట్టింది. ఆమె పిండి తొట్టి తరిగిపోలేదు (1 రాజు 17). ఎసట్లో బియ్యం పోసే ముందు రోజూ ఒక గుప్పెడు వేరే డబ్బాలో వేస్తే, నెల తిరిగేసరికి ఒక అవ్వ ఇంట వారం రోజులు పొయ్యి వెలుగుతుంది. ఈ గుప్పెడు పిల్లల చేత వేయించండి.

కలసి ఆలోచించండి

1. మన ఇంట్లో చివర తినేదెవరు? ఆమె కంచంలో ఏమి మిగులుతున్నది?
2. వంట బాగుందని గత వారంలో ఎన్నిసార్లు చెప్పాం?
3. ఇంటి పనిలో భర్త, కుమారులు చేస్తున్నదేమిటి? కుమార్తెకు నేర్పినట్లే కుమారునికి అన్నం వార్చడం నేర్పామా?
4. రోజుకు ఒక పూటైనా ఫోన్లు ప్రక్కన పెట్టి కలసి తింటున్నామా?

ఈ వారపు తీర్మానం: ఆదివారం భోజనాన్ని దంపతులిద్దరూ కలసి వండండి. అందరూ ఒకేసారి కూర్చోండి. తిన్న తరువాత గిన్నెలు మగవారు కడగండి.

జపం: పరలోకమందున్న మా తండ్రీ! మా ఇంటి పొయ్యిని, మా చేతుల పనిని ఆశీర్వదించండి. నజరేతులో మరియమాత, జోజప్పగార్లతో కలసి భుజించిన మీ కుమారుడు మా పంక్తిలో కూర్చుండునుగాక. మాలో ఎవరూ ఆకలితో లేవకుండా, ఎవరూ ఒంటరిగా తినకుండా, ఒకరి కష్టాన్ని ఒకరు గుర్తించే మనసు దయచేయండి. మా ప్రభువైన యేసుక్రీస్తు ద్వారా ఈ మనవులు వేడుకొంటున్నాము. ఆమెన్.