తీర్పు బ్రతికియున్నదా?

సమస్య: మాది గుంటూరు జిల్లాలో ఒక గ్రామము. రోజూ బస్సులో వెళ్లి లా కాలేజీలో నాలుగవ సంవత్సరము చదువుచున్నాను. ఈ యేడు న్యాయపరిశోధనను ప్రత్యేక విషయముగా తీసికొంటిని గనుక, లైబ్రరీలో పని ముగించుకొని ఇల్లు చేరుసరికి రాత్రి 8 గంటలగుచున్నది. ప్లీడరైన మా మేనమామ, "కంప్యూటరులో క్షణములో తీర్పులు వచ్చును, హెడ్‌నోటు చదివిన చాలును, ఆడపిల్లకు ఇంత పరిశోధన ఎందుకు?" అనుచున్నారు. అమ్మది కూడ అదే మాట. మొన్న మూట్ కోర్టులో నేను చూపిన తీర్పు ఎప్పుడో కొట్టివేయబడినదని మేష్టారు చెప్పగా తల దించుకొంటిని. నాన్నగారు పొలము దావా కాగితముల మూట విప్పి, "చదివి చెప్పమ్మా" అన్నారు, చెప్పలేకపోతిని. చదువు మానుకొనవలెనా?
— ఒక విద్యార్థిని

సలహా: మేనమామ మాటకన్న, మూట్ కోర్టులోని అవమానముకన్న, నాన్నగారు విప్పిన ఆ మూట నా మనస్సును పట్టుకొన్నది. ముందు రాత్రి ఆలస్యము సంగతి: హాస్టలులో చేరుటయో, వారమునకు మూడు సాయంత్రములే లైబ్రరీలో ఆగుటయో ఇంటిలో కూర్చుండి తేల్చుకొనుడు. సుప్రీంకోర్టు తీర్పులు 2023 నుండి ఈ-ఎస్‌సీఆర్ అను ఆన్‌లైన్ భాండారములో ఉచితముగా లభించుచున్నవి గనుక కొంత పని ఇంటనే సాగును.

మేనమామగారు చెప్పినది తప్పు. హెడ్‌నోటు వ్రాయునది న్యాయమూర్తి కాదు; 141వ అధికరణము ప్రకారము దేశములోని న్యాయస్థానములన్నిటిని బంధించునది సుప్రీంకోర్టు ప్రకటించిన న్యాయమే కాని, దానికి మరియొకరు కూర్చిన సంగ్రహము కాదు. ఉదాహరణమునకు, అత్యవసర పరిస్థితిలో నిర్బంధితులకు హైకోర్టు తలుపు తట్టు హక్కు లేదని 1976లో సుప్రీంకోర్టు న్యాయమూర్తులు నలుగురు తీర్పు చెప్పగా, అయిదవవారైన జస్టిస్ ఖన్నాగారొక్కరే విభేదించిరి. ఆ తీర్పును 2017లో తొమ్మండుగురి ధర్మాసనము పుట్టస్వామి కేసులో త్రోసిపుచ్చి, ఆ ఒంటరి వాక్యమునకే పట్టము గట్టినది. భిన్నాభిప్రాయమును చదువనివాడు, తరువాతి ధర్మాసనము ఏమన్నదో వెదకనివాడు, చచ్చిన తీర్పును చేతబట్టుకొని కక్షిదారుని పొలమును పోగొట్టును. 1872 నాటి సాక్ష్య చట్టము పోయి 2024 జూలై 1 నుండి క్రొత్తది వచ్చిన ఈ కాలమున, పాత నజీరు ఏ సెక్షనుపై వెలువడినదో, ఆ సెక్షను నేడెట్లున్నదో సరిచూడక వాదించుట సాహసము.

ఇక అమ్మగారితో ఒక మాట. ఫీజుకై మెడలోని గొలుసు నమ్ముటకు వెనుదీయని మన కుటుంబములు, ఆ ఫీజు ఫలించుటకు కావలసిన గంటలను మాత్రము ఆడపిల్లకు ఈయజాలకున్నవి. కొడుకు ప్రొద్దుపోయి వచ్చిన "పాపము, చదువుకొనుచున్నాడు" అని అన్నము వేడిచేయు చేతులే, కూతురు వచ్చినప్పుడు గుమ్మమున అడ్డముగా నిలుచును. అమ్మా, మీ యింటి పొలము సంగతి చదివి చెప్పగల బిడ్డ మీ యింటనే తయారగుచుండగా ఆ లైబ్రరీ తలుపు మీరే మూయింతురా?

చదువు మానవద్దు. ఈ ఆదివారము నాన్నగారి ప్రక్కన కూర్చుండి ఆ మూట విప్పుము. దావా, జవాబుదావా, డిక్రీ తేదీల వరుసన పేర్చి, అందు పేర్కొన్న ప్రతి తీర్పును మొదటినుండి తుదివరకు చదివి, నేటికి నిలిచియున్నదో లేదో వ్రాసికొనుము. మేనమామగారిని కూడ పిలువుము.