ఇంటి కావలికి తూటా నెంచుకొను విధము

జహీరాబాదు ప్రాంతపు పట్టాదారు రైతుల యుపయోగార్థము

చిరాగ్‌పల్లి గ్రామము జహీరాబాదునకు సమీపమున, పూణె–మచిలీపట్టణము 65వ జాతీయ రహదారి చెంత, కర్ణాటక సరిహద్దున నున్నది. ఈ ప్రాంతమున చెరకు, అల్లము, బంగాళాదుంప, కంది ముఖ్యమైన పైరులు. పంట అమ్మిన దినములలో ఇంట రొక్కముండును, కళ్లమున ధాన్యముండును, బావి వద్ద మోటారు, తీగెలు నుండును. ఊరికి దూరముగా చేనిలోనే ఇల్లు కట్టుకొన్నవారికి దొంగల భయము మరింత హెచ్చు. ఇందువలన కొందరు రైతులు లైసెన్సు పొంది తుపాకి నుంచుకొనుచున్నారు.

తుపాకి గల రైతు దుకాణమున మొదట అడుగునది “ఏ తూటా గట్టిది?” అని. అడుగవలసినది వేరు. “గురి తప్పినచో ఈ తూటా ఎక్కడ ఆగును?” అని అడుగవలెను. దొంగకు వెనుక గోడ యుండును. గోడకు వెనుక తన బిడ్డలు నిద్రించుచుందురు. దొడ్డికి అవతల పొరుగువాని ఇల్లుండును. చెరకు తోటలో నీరు కట్టు పాలేరుండును. తూటా నెంచుకొనుటలో ఈ యెరుకయే మూలము. తక్కిన విషయములన్నియు దీని ననుసరించియే యుండవలెను.

1. బోరు అనగా నేమి

రైతుల వద్ద సాధారణముగా నుండునది నున్నని గొట్టము గల పన్నెండు బోరు తుపాకి. ఒక పౌను సీసమును పన్నెండు సమమైన గుండ్లుగా పోసినచో, అందొక గుండు ఏ గొట్టమున సరిగా పట్టునో అది పన్నెండు బోరు. దాని లోపలి వ్యాసము సుమారు 18.5 మిల్లీమీటర్లు. సంఖ్య హెచ్చిన కొలది గొట్టము సన్నమగును. కావున ఇరువది బోరు పన్నెండు బోరు కంటె సన్నము.

ఈ భేదము తెలియకుండుట ప్రాణాపాయకరము. ఇరువది బోరు తూటాను పొరపాటున పన్నెండు బోరు తుపాకిలో వేసినచో అది తూటా గదిని దాటి గొట్టములోనికి జారి నిలుచును. వెనుక గది ఖాళీగా కనబడును. అంతట పన్నెండు బోరు తూటా వేసి కాల్చినచో గొట్టము పగిలి కాల్చినవాని చేతికిని కంటికిని దెబ్బ తగులును. ఇందుకే ఇరువది బోరు తూటాలకు పసుపుపచ్చ రంగు వేయు ఆచార మేర్పడినది. రెండు బోరుల తుపాకులున్న ఇంట తూటాలను ఒకే పెట్టెలో నుంచరాదు.

తూటా పొడవును సైతము చూడవలెను. పాత తుపాకులలో తూటా గది రెండున్నర అంగుళములు మాత్రమే యుండును. రెండున్నర అంగుళముల తూటా పట్టినంత మాత్రమున రెండుముప్పావు అంగుళముల తూటా తగదు. గది కంటె పొడవైన తూటా పైకి సరిపోయినట్లే కనబడును గాని, కాల్చినపుడు నోరు విచ్చుకొనుటకు చోటు చాలక లోపలి ఒత్తిడి మితిమీరును. గొట్టముపై ముద్రించిన కొలతను తుపాకి బాగుచేయువానిచే చదివించుకొని, దానికి తగిన తూటానే కొనవలెను.

2. ఛర్రా పరిమాణములు

తూటా ఒకటే యైనను అందలి ఛర్రా పలు విధములు. 32 గ్రాములు, అనగా సుమారు రెండుముప్పావు తులముల సీసము గల తూటాలో ఇంగ్లీషు కొలతల ప్రకారము ఛర్రాలు ఇట్లుండును:

ఎల్.జి.: ఒక్కొక్క ఛర్రా వ్యాసము 9.1 మి.మీ.; తూటాకు సుమారు 7.
ఎస్.జి.: 8.4 మి.మీ.; సుమారు 9.
ఎ.ఎ.ఎ.: 5.2 మి.మీ.; సుమారు 39.
బి.బి.: 4.1 మి.మీ.; సుమారు 79.
4వ నంబరు: 3.1 మి.మీ.; సుమారు 190.
6వ నంబరు: 2.6 మి.మీ.; సుమారు 300.

ఇవిగాక ఒకే పెద్ద గుండు గల తూటాలును కలవు. ఛర్రా పెద్దదైన కొలది దూరము పోవును, లోతుగా దిగును. చిన్నదైన కొలది త్వరగా వేగము కోల్పోవును. త్వరగా వేగము కోల్పోవుట వేటగానికి లోపము. ఇంటి కావలివానికి అదియే గుణము.

3. ఛర్రా ఎంత దూరము పోవును

ఫ్రెంచి సేనాధికారి జూర్నే కనుగొన్న లెక్క యొకటి కలదు. ఛర్రా వ్యాసమును అంగుళములలో తీసికొని 2200తో గుణించినచో, అది పోగల మిక్కిలి దూరము గజములలో వచ్చును. ఈ లెక్కచే ఎస్.జి. ఛర్రా 700 గజములకు మించి పోగలదు, బి.బి. సుమారు 350 గజములు. 6వ నంబరు సుమారు 220 గజములు. చిరాగ్‌పల్లి వంటి ఊరిలో రహదారి వైపు తిరిగి ఎస్.జి. తూటా కాల్చినవాడు, 700 గజముల లోపున నున్న రహదారిపై పోవు బస్సును సైతము గురిలోనికి తెచ్చుకొన్నట్లే. రైఫిలు గుండు మరింత దూరము పోవును. పాయింటు 22 అను చిన్న రైఫిలు గుండు కూడ మైలుకు మించి పోవును. కావున ఊరి నడుమ ఇంటి కావలికి రైఫిలు తగదు.

ఛర్రా గదినంతయు కప్పివేయును, గురి చూడనక్కరలేదు అను నమ్మకము తప్పు. అయిదు గజముల దూరమున ఛర్రా గుంపు సాధారణముగా జేనెడు వెడల్పును మించి వ్యాపింపదు. గురి లేక కాల్చినచో గుంపంతయు తప్పిపోవును. ఆ దూరమున చిన్న ఛర్రాయు గుండువలె ఒక్కచోట తగిలి ప్రాణము తీయగలదు. చిన్న ఛర్రా యనగా బెదరించుటకు మాత్రమే యని తలచుట ప్రమాదకరము.

4. ఇంటిలో ఏది, కళ్లమున ఏది

మొదట ఇంటి గోడలను చూచుకొనవలెను. రెండడుగుల మట్టిగోడ గాని, జంబిట్ట రాతిగోడ గాని ఛర్రాను ఆపును. చెక్క తలుపు, రేకు, తడిక, పలుచని అడ్డుగోడ ఆపునని నమ్మరాదు. పెద్ద ఛర్రా వానిని దాటి అవతలి గదిలోనికి పోవును. షాబాదు బండల నేలపై ఏటవాలుగా తగిలిన ఛర్రా ఎగిరి మరియొక దిక్కునకు పోవును.

ఇంటిలోపలను, ఇరుకైన ఊరి వీధిలోను కావలికి బి.బి. మొదలు 4వ నంబరు వరకు గల ఛర్రా తగును. దగ్గర దూరమున దాని బలము చాలును. దూరము పెరిగిన కొలది పొరుగువారికి అపాయము తగ్గును. ఎల్.జి., ఎస్.జి., ఒంటి గుండు తూటాలను ఇంటి తుపాకిలో వేసియుంచరాదు.

కళ్లము వద్ద బయలు ఎక్కువగుటచే పెద్ద ఛర్రాయే తగునని కొందరందురు. పగలు, వెనుక మిట్ట యున్న చోట ఈ మాట కొంత నిజము. రాత్రి వేళ ఆ బయలులో ఎవరున్నారో తెలియదు. మోటారు పెట్టబోవు రైతు, కంది కుప్ప వద్ద పండుకొన్న కూలి, దారి తప్పిన బాటసారి, వీరందరును చీకటిలో ఒక్క నీడగానే కనబడుదురు. చెరకు కదలినంతనే అడవిపంది యని కాల్చరాదు. దీపము వేసి, ముఖము చూచి, పిలిచి, బదులు విన్న పిమ్మటనే తుపాకి విషయము ఆలోచింపవలెను.

5. భర్మారును, పాత తుపాకులును

మూతి నుండి మందు కూరు భర్మారు తుపాకులు తెలంగాణమున చాలకాలము వాడుకలో నుండినవి. 1946–51 నాటి సాయుధ పోరాటములోను గ్రామములలో ఇవి కనబడెను. వీనిలో నల్ల తుపాకిమందు మాత్రమే వాడవలెను. నేటి తూటాలను విప్పి అందలి పొగరాని మందును భర్మారులో పోసినచో గొట్టము పగులును. ఇనుప తీగెలను మెలివేసి చేసిన పాత డమాస్కసు గొట్టములకును నేటి తూటాలు తగవు. ఇట్టివి తాతల నాటి గుర్తుగా నుంచుకొనదగినవే గాని, కావలికి నమ్మదగినవి కావు.

6. భద్రపరచుట

తూటాలను పొడిగా, చల్లగా, తాళము క్రింద, తుపాకికి వేరుగా నుంచవలెను. పొయ్యి మీది అటుకపై నుంచరాదు. వానకాలమున చెమ్మ తగిలి ఉబ్బిన కాగితపు తూటాను, పచ్చబారిన ఇత్తడి గలదానిని తుపాకిలో వేయరాదు. తూటాలకు నూనె పూయరాదు. నూనె టోపిలోనికి దిగినచో తూటా పేలదు.

మూలనుంచిన తుపాకి గొట్టమున కందిరీగలు మట్టిగూళ్లు కట్టుట కలదు. వాడుటకు ముందు తుపాకి ఖాళీగా నున్నదని నిశ్చయించుకొని, గొట్టమును వెలుతురున కెదురుగా పట్టి వెనుక వైపు నుండి చూడవలెను. మీట నొక్కినను తూటా పేలకున్నచో ఒక నిమిషము వరకు గొట్టమును అపాయము లేని దిక్కునకే పట్టియుండి, పిమ్మట తెరువవలెను. చప్పుడు మందముగా వచ్చినచో లోపల అట్టబిళ్ల చిక్కియుండవచ్చును. గొట్టము చూడక రెండవ తూటా కాల్చరాదు.

7. చట్టము

ఆయుధముల చట్టము 1959లో చేయబడి, 1962 అక్టోబరు 1 నుండి అమలులోనికి వచ్చెను. దాని 13వ విభాగము రక్షణకు 20 అంగుళములకు తక్కువగాని నున్నని గొట్టపు తుపాకిని, పంట కావలికి భర్మారును పేర్కొనుచున్నది. భర్మారు చాలదని అధికారికి తోచినచో పంట కావలికి ఇతరమైన నున్నని గొట్టపు తుపాకికిని లైసెన్సు ఇయ్యవచ్చును. 2019 సవరణచే ఒక్కరికి రెండు తుపాకులకు మించి యుండరాదనియు, పెండ్లిండ్లలో ఇతరులకు అపాయము కలుగునట్లు కాల్చుట శిక్షార్హమనియు ఏర్పడెను. లైసెన్సులో వ్రాసిన సంఖ్యను మించి తూటాలుంచరాదు.

అడవిపంది 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టమునకు లోబడినది. పైరును పాడుచేయునదైనను అధికారి అనుమతి లేక దానిని కాల్చరాదు.

2024 జూలై 1 నుండి అమలైన భారతీయ న్యాయ సంహిత 34 మొదలు 44 వరకు గల విభాగములలో ఆత్మరక్షణ హక్కును చెప్పుచున్నది. రక్షణకు వలసినంతకు మించి హాని చేయరాదు. అధికారుల సహాయము పొందుటకు వ్యవధి యున్నచో ఆ హక్కు లేదు. ప్రాణభయమును, తీవ్రమైన గాయముల భయమును లేని సామాన్యపు దొంగతనమునకు మనుష్యుని చంపు హక్కు లేదు. కంది మూట ఎత్తుకొని పరుగిడువానిపై కాల్చిన రైతు, మూట దక్కించుకొని భూమిని న్యాయస్థానపు ఖర్చులకు పోగొట్టుకొనును.

ముఖ్య సూచనలు

ఒకటి: గట్టి తలుపు, గడియ, వాకిట దీపము, మంచి కుక్క, ఇవి తుపాకికి ముందు కావలెను.
రెండు: అలికిడి విన్నంతనే ఇంటివారిని ఒక గదిలో చేర్చి 100 లేక 112 నంబరునకు ఫోను చేయవలెను.
మూడు: తన తుపాకి బోరు, గది పొడవు తెలిసికొని దానికి తగిన తూటానే కొనవలెను.
నాలుగు: ఇంటికి చిన్న ఛర్రాయే చాలును.
అయిదు: ఎదుటివానిని గుర్తింపక, అతని వెనుక నేమున్నదో యెరుగక మీటపై వ్రేలు పెట్టరాదు.

తుపాకి నుండి వెడలిన ఛర్రా మరల చేతికి రాదు. ఇంటివారందరును క్షేమముగా తెల్లవారుటయే కావలి ఫలము. ఒక్క తూటాయు కాల్చకయే అది సిద్ధించినచో అంతకు మించిన లాభము లేదు.