మీటరు అబద్ధం చెప్పిందా?

అంబాసిడర్ కారును మీరు చూసే ఉంటారు. పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తర్‌పారాలో 1950ల చివరి నుంచి 2014 దాకా తయారుచేశారు. మా వీధిలో ఒకాయన, తండ్రి కొన్న అంబాసిడర్‌ను భద్రంగా కాపాడుకుంటూ పెళ్ళిళ్ళకు కిరాయికి తిప్పుతుంటాడు. కిలోమీటరుకు ఇంత అని లెక్క.

ఒకసారి పెళ్ళివారు ఆయనతో గొడవకు దిగారు. రోడ్డు పక్క రాళ్ళ ప్రకారం పోనూ రానూ 200 కిలోమీటర్లు. కారు మీటరులో 230 తిరిగింది! "మీటరు తిప్పావు" అన్నారు నలుగురిలో. మర్నాడు ఆయన నా దగ్గరకు వచ్చి, "ఒట్టు మాస్టారూ, ఆ మీటరును నేను ముట్టుకోలేదు" అన్నాడు. నిజమే. ఆయన మార్చింది మీటరును కాదు, చక్రాలను.

నెల కిందట టైర్లు అరిగిపోతే పట్నంలో ఎవరో చెప్పారని వెడల్పాటి కొత్త చక్రాలు, వాటికి తగిన టైర్లు వేయించాడట. "పాతదీ 15, కొత్తదీ 15. సైజు సరిపోయింది కదా?" అన్నాడు. పొరపాటంతా ఆ 15లోనే ఉంది.

అంబాసిడర్ పాత టైరు మీద 5.90-15 అని ఉంటుంది. మొదటి అంకె టైరు వెడల్పు, అంగుళాలలో. రెండవది టైరు మొత్తం ఎత్తు కాదు. టైరు కూర్చునే ఇనప రిమ్ము వ్యాసం. 15 అంగుళాలంటే 381 మిల్లీమీటర్లు. ఇది కలవకపోతే టైరు రిమ్ము మీద కూర్చోనే కూర్చోదు. కాబట్టి ఇది కలవాలి. కాని ఇది ఒక్కటి కలిస్తే చాలదు.

కొత్త టైరు మీద 195/50 ఆర్ 15 అని ఉంది. 195 అంటే వెడల్పు, మిల్లీమీటర్లలో. 50 అంటే టైరు పక్క గోడ ఎత్తు ఆ వెడల్పులో నూటికి 50 వంతులు. అంటే 97.5 మి.మీ. రిమ్ముకు పైన ఒక గోడ, కింద ఒక గోడ. రెండూ కలిపి 195. రిమ్ము 381 కలపండి: మొత్తం వ్యాసం 576 మి.మీ. ఇప్పుడు 165/80 ఆర్ 15 అనే మరో టైరుకు మీరే లెక్క కట్టండి. 645 వస్తుంది. రెండింటికీ చివర 15 ఉంది, కాని ఎత్తులో దాదాపు 7 సెంటీమీటర్ల తేడా!

లెక్క చెబితే ఆయనకు నమ్మకం కుదరలేదు. సరే, సుద్దముక్క తెమ్మన్నాను. కొత్త టైరు నేలను తాకే చోట టైరు మీద, నేల మీద గీత గీసి, టైరు మీది గీత మళ్ళీ నేలకు వచ్చేదాకా కారును నెట్టాం. 176 సెంటీమీటర్లు. (576ను 3.14తో గుణిస్తే 181 రావాలి. కారు బరువుకు టైరు అడుగున నొక్కుకుపోతుంది కనుక కొంత తగ్గింది.) తరువాత డిక్కీలో ఉన్న పాత సైజు స్టెప్నీని అదే చోట బిగించి నెట్టాం. 203 సెంటీమీటర్లు.

అంబాసిడర్ మీటరు దూరాన్ని కొలవదు. గేరుబాక్సు నుంచి వచ్చే తీగ ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెడుతుంది, అంతే. పాత టైరు కిలోమీటరుకు సుమారు 493 చుట్లు తిరిగితే కొత్తది 568 తిరుగుతుంది. మీటరుకు టైరు మారిన సంగతి తెలియదు పాపం! 100 కిలోమీటర్లు నడిస్తే 115 అని రాస్తుంది. వేగం కూడా అంతే. ముల్లు 60 దగ్గర ఉంటే కారు పోయేది 52. పైగా కారు నాలుగు సెంటీమీటర్లు కిందికి దిగింది. స్పీడు బ్రేకర్ల మీద అడుగు ఎందుకు గీరుకుంటోందో ఆయనకు అప్పుడు తెలిసింది.

దీనికి తిరగబడిన తప్పు ఇంకా ప్రమాదం. పెద్ద టైరు వేస్తే ముల్లు తక్కువ చూపిస్తుంది. డ్రైవరు నెమ్మదిగానే పోతున్నాననుకుంటాడు.

ఆ స్టెప్నీ అరగలేదు కదా, అదీ, అలాంటివే పాతవీ మూడు వెతికి వేసుకుంటానన్నాడు. వద్దన్నాను. టైరు పక్కన నాలుగంకెలుంటాయి. 2308 అంటే 2008వ సంవత్సరం 23వ వారంలో తయారైందని. వాడకపోయినా రబ్బరు ఎండి గట్టిపడుతుంది, పగుళ్ళిస్తుంది. తక్కువ తిరిగే పాత కార్లకు ఇదే పెద్ద జబ్బు.

ఇంకొక సంగతి. పాత టైర్లలో దారాల పొరలు ఒకదానికొకటి అడ్డంగా, ఏటవాలుగా పోతాయి. వీటిని క్రాస్‌ప్లై అంటారు. సైజులో 'ఆర్' ఉన్నది రేడియల్. అందులో దారాలు ఈ అంచు నుంచి ఆ అంచుకు నేరుగా పోతాయి. మలుపులో ఈ రెండూ ఒకేలా సాగవు. ముందు రేడియల్, వెనక క్రాస్‌ప్లై వేస్తే మలుపులో కారు వెనక భాగం పక్కకు జారిపోవచ్చు. అందుకే ఆయన పాత రిమ్ములు బయటికి తీయించి, 5.90-15 కొత్త టైర్లు స్టెప్నీతో సహా అయిదూ ఒకే రకం, ట్యూబులతో వేయించాడు.

పెళ్ళివారికి 30 కిలోమీటర్ల డబ్బు తిరిగి ఇచ్చి వచ్చాడు. ఆ నెలలోనే ఇంకొక కిరాయికి మీటరు 345 చూపిందట. వాళ్ళకు ఎన్ని కిలోమీటర్ల డబ్బు తిరిగి ఇవ్వాలి? 176, 203 మీ దగ్గరున్నాయి. లెక్క కట్టండి.