ఎడిటరుకు జాబితా ఎవరిచ్చారు?

ఫిలింనగర్ వెళ్ళే ఆటో ఎక్కి "ఎడిటరు మీద పని చేస్తానండీ" అంటే, "ఏ సినిమాకి సార్?" అని అడుగుతాడు డ్రైవరు. కిందటేడాది ఆరు నెలలపాటు నన్ను చాలామంది ఇదే ప్రశ్న అడిగారు. నా ఎడిటరు మనిషి కాదు, ప్రోగ్రాములు రాసుకునే సాధనమని విడమరచి చెప్పేసరికి దిగవలసిన చోటు దాటిపోయేది. ఇహ చెప్పడం మానేశాను. కాని ఈ రెండు ఎడిటర్లకూ దగ్గర చుట్టరికం ఉందని నాకు తెలిసింది అక్కడే, అదీ ఒక పొరపాటు చేశాకే. ప్రోగ్రామింగ్ మన సిలబస్‌లో ఉంది. కోడు ఎడిటరుని బిల్డు వ్యవస్థతో కలపడం మాత్రం ఏ పేపర్లోనూ లేదు. అందుకని జూనియర్ మిత్రులకోసం ఈ నాలుగు మాటలు. సినిమా కబుర్లు ఆశించి ఈ పేజీ తెరిచినవారు కొంచెం ఓపిక పడితే పూర్తిగా నిరాశ చెందరు.

జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు దగ్గర మెట్రో దిగి ఫిలింనగర్ గుట్ట ఎక్కుతుంటే దారి పొడుగునా సినిమా ఆఫీసులే. 1976లో అక్కినేని నాగేశ్వరరావుగారు అన్నపూర్ణ స్టూడియో ప్రారంభించిన నాటికి ఈ చుట్టుపక్కలంతా రాళ్ళూ తుప్పలేనని పెద్దలు చెబుతారు. ఇప్పుడు షూటింగ్ ఫ్లోర్లూ, డబ్బింగ్ థియేటర్లూ చాలక విజువల్ ఎఫెక్ట్స్ స్టూడియోలు కూడా వెలిశాయి. 2012లో 'ఈగ', 2015లో 'బాహుబలి' వచ్చాక ఈ పనికి ఎంత గిరాకీ పెరిగిందో అందరికీ తెలుసు. నేను చేరిన చోట బొమ్మలు చేసే కళాకారులు యాభైమంది, వాళ్ళ సాఫ్ట్‌వేరు చూసుకునే ప్రోగ్రామర్లు ఇద్దరు. నేను మూడోవాణ్ణి, అదీ అప్రెంటిసుని. సంస్థ పేరుతో మనకి పనిలేదు.

నాకప్పగించింది పొగ. తెరమీద కనిపించే పొగ, దుమ్ము, మంట, ఇవన్నీ కంప్యూటర్లో ఒక పెద్ద గళ్ళ పెట్టెలాగా ఉంటాయి. ఏ గడిలో ఎంత పొగ ఉంది, అది ఎటు ఎంత వేగంగా పోతోంది అన్నది అంకెల్లో రాసి ఉంటుంది. ఖాళీ గళ్ళకోసం చోటు తగలెయ్యకుండా, పొగ ఉన్న గళ్ళని మాత్రమే దాచుకునే పద్ధతి ఓపెన్‌వీడీబీ. డ్రీమ్‌వర్క్స్ స్టూడియోవారు దాన్ని 2012లో అందరికీ ఉచితంగా ఇచ్చేశారు. ఆ గళ్ళని చదివి, బొమ్మ తయారుచేసే రెండరరుకి అందించే ప్లగిన్ ఒకటి మా దగ్గర సి ప్లస్ ప్లస్‌లో రాసి ఉంది. సుమారు మూడువందల ఫైళ్ళు.

చదవడానికి అది కష్టంగా లేదు. బిల్డు చెయ్యడమే కష్టం. ముందు ఒక షెల్ స్క్రిప్టు నడవాలి. అది కంటెయినర్లో పాత లినక్సు ఒకటి లేపుతుంది. దానిలోపల ఒక పైథాన్ స్క్రిప్టు కావలసిన లైబ్రరీలన్నీ తెచ్చి పెడుతుంది. అప్పుడు సీమేక్ లేచి నింజాకి పని పురమాయిస్తుంది. మధ్యలో కొన్ని హెడర్ ఫైళ్ళు అప్పటికప్పుడు తయారవుతాయి. పెళ్ళివారింట్లో వంటలాగా, ఎవరు ఏం చేస్తున్నారో ఏ ఒక్కరికీ పూర్తిగా తెలియదు, వేళకి భోజనం మాత్రం వడ్డిస్తారు. ఇంత గందరగోళానికి కారణం లేకపోలేదు. సినిమా సాఫ్ట్‌వేరులు ఒకదానితో ఒకటి సర్దుకుపోవాలంటే కంపైలరు, పైథాన్, లైబ్రరీలు, అన్నిటి వెర్షన్లూ కలవాలి. అందుకే వి.ఎఫ్.ఎక్స్. రిఫరెన్స్ ప్లాట్‌ఫారం అని 2014 నుంచి ఏటేటా ఒక పట్టిక వేస్తున్నారు. మా కంటెయినరు అలాంటి ఒక ఏడాది పట్టికకు కట్టుబడి ఉంది. నా ల్యాప్‌టాప్ ఏ పట్టికకూ కట్టుబడి లేదు.

మొదటిరోజు ఆ కోడుని వీఎస్ కోడ్‌లో తెరిచాను. తెరంతా ఎర్రగీతలు. మొదటి పంక్తిలో హెడర్ దొరకలేదన్నది, ఆ తరవాత కనబడ్డ ప్రతి పేరునీ తెలియదన్నది. అదే కోడు కంటెయినర్లో ఒక్క తప్పు లేకుండా బిల్డు అవుతోంది! పక్కసీటు సీనియరుని అడిగితే, "ఆ గీతలు పట్టించుకోకు తమ్ముడూ, మేమెవరం పట్టించుకోం" అన్నాడు. నాకు మనసొప్పక కొన్ని ఇన్‌క్లూడ్ దారులు చేత్తో రాసిపెట్టాను. సగం గీతలు పోయాయి. ప్రమాదం అక్కడే మొదలైంది. సగం పోయేసరికి ఎడిటరు చెప్పే మిగతా మాటల్ని నమ్మడం అలవాటైంది.

మూడోవారంలో ఒక ఫైలు శుభ్రం చేస్తున్నాను. అందులో 11 పంక్తులు బూడిదరంగులో ఉన్నాయి. అవి ఇఫ్‌డెఫ్ కింద ఉన్న కోడు. ఆ మాక్రో ఎక్కడా నిర్వచించి లేదు గనక ఈ భాగం నడవదు అని ఎడిటరు చెప్పే తీరు అది. చచ్చిన కోడు కదా అని ఆ 11 పంక్తులూ తీసేసి, కింద ఎల్స్‌లో ఉన్న మూడు పంక్తుల్ని ఉంచాను. కంటెయినర్లో బిల్డు చేస్తే తప్పులేమీ రాలేదు. తొందరగా తేలుతుందని మోషన్ బ్లర్ ఆపి ఒక్క ఫ్రేము రెండర్ చేసి చూశాను. పొగ పొగలాగే ఉంది. హాయిగా ఇంటికి పోయాను.

ఆ పంక్తులు చేసే పని ఒక్కటే: పొగ వేగాన్ని 24తో భాగించడం. ఫైల్లో వేగం సెకనుకి ఇంత అని ఉంటుంది. రాత్రిపూట బారులుగా నడిచే రెండర్ ఫార్మ్ యంత్రాలకి ఫ్రేముకి ఇంత అని కావాలి. సినిమాలో సెకనుకి 24 ఫ్రేములు గదా. ఫార్మ్ బిల్డులో ఆ మాక్రో నిర్వచించే ఉంది. పైథాన్ స్క్రిప్టు లోలోపల ఎక్కడో దాన్ని చేరుస్తోంది. ఆ సంగతి నాకూ తెలియదు, నా ఎడిటరుకూ తెలియదు.

తెల్లారి కంపోజిటింగ్ చేసే అక్క పిలిచింది. "తమ్ముడూ, ఇదేం పొగ? తడిగుడ్డ పెట్టి తుడిచినట్టుంది!" మోషన్ బ్లర్ 24 రెట్లు సాగిపోయింది మరి. ఆరు సెకన్ల షాటు, 144 ఫ్రేములు, రాత్రంతా నడిచిన యంత్రాలు, అన్నీ వృథా. ఆ సాయంత్రమే దర్శకుడికి చూపించాల్సిన షాటు అది. అక్క నన్ను ఒక్కమాట అనలేదు గాని, ఆ రాత్రి కూడా ఆఫీసులోనే ఉండిపోయింది. ఆ సాయంత్రం వాళ్ళ అమ్మాయి స్కూల్లో వార్షికోత్సవమని, పాప డాన్సు ఉందని నాకు తరవాత ఎవరో చెప్పారు.

మా స్టూడియోలో పోస్ట్ ప్రొడక్షన్ వ్యవహారాలు చూసే పెద్దాయన ఒకరున్నారు. ఫిలిం రోజుల్లో అసిస్టెంట్ ఎడిటరు. అందరం గురువుగారూ అని పిలుస్తాం. జరిగింది విని ఆయన, "నువ్వు కోసింది రష్ ప్రింటు మీదనా బాబూ, నెగటివ్ మీదనా?" అన్నారు. నాకర్థం కాలేదు. టీ తెప్పించి చెప్పారు.

ఫిలిం రోజుల్లో ఎడిటరు అసలు నెగటివ్‌ని ముట్టుకునేవాడు కాదు. దాన్నుంచి తీసిన రష్ ప్రింటుని మూవియోలా మీద పెట్టి కోసుకునేవాడు, అతికించుకునేవాడు. 35 ఎం.ఎం. ఫిలిం అంచున అడుగుకొక నంబరు, అంటే 16 ఫ్రేములకొకటి, ముద్రించి ఉంటుంది. అదే నంబరు రష్ ప్రింటులోకీ వస్తుంది. ఎడిటరు కోతలు ఖాయం చేశాక ఆ నంబర్ల జాబితాని బట్టి నెగటివ్ కట్టరు అసలు నెగటివ్‌ని కోస్తాడు. "ఆ నంబర్లు లేకపోతే ఎడిటరుగారు ఎంత గొప్పవాడైతే ఏం లాభం? ఆయన చూసేది ఒక సినిమా, హాల్లో ఆడేది ఇంకో సినిమా. నీ ఎడిటరుకి జాబితా ఎవరిచ్చారు?" అన్నారు.

ఎవరూ ఇవ్వలేదు. గురువుగారి పోలిక పూర్తిగా అతకదనుకోండి. నెగటివ్ ఒకసారి తప్పు కోస్తే దిద్దుకోవడం లేదు. నేను తీసేసిన పంక్తులు గిట్ నుంచి ఒక్క నిమిషంలో వెనక్కి వచ్చాయి. అయినా ఆయన అడిగిన ప్రశ్న మాత్రం సూటిగా తగిలింది.

ఇహ పాఠంలోకి వద్దాం. ఎడిటరు కోడుకి రంగులు వేసినంతమాత్రాన దానికి కోడు అర్థమైనట్టు కాదు. అర్థం చెప్పేది లాంగ్వేజ్ సర్వర్ అనే వేరే ప్రోగ్రాము. పూర్వం ప్రతి ఎడిటరుకూ ప్రతి భాషకూ విడివిడిగా ఈ పని చేయవలసి వచ్చేది. 2016లో మైక్రోసాఫ్ట్ ఒక ఉమ్మడి ఒప్పందం ప్రకటించింది, లాంగ్వేజ్ సర్వర్ ప్రోటోకాల్ అని. సి ప్లస్ ప్లస్‌కి అలాంటి సర్వరు క్లాంగ్‌డీ, ఎల్‌ఎల్‌విఎం ప్రాజెక్టువారిది. అది ఫైలుని అచ్చంగా కంపైలరు చదివినట్టే చదువుతుంది. చిక్కల్లా ఏమిటంటే, సి ప్లస్ ప్లస్ ఫైలు అర్థం ఆ ఫైల్లోనే పూర్తిగా ఉండదు. హెడర్లు ఏ ఫోల్డర్లలో వెతకాలి, ఏ మాక్రోలు నిర్వచించాలి, భాష ఏ ప్రమాణం ప్రకారం చదవాలి, ఇవన్నీ కంపైలరుని పిలిచే ఆజ్ఞలో ఉంటాయి. ఆ ఆజ్ఞని బిల్డు వ్యవస్థ తయారుచేస్తుంది, నడుపుతుంది, మరిచిపోతుంది. అది అందకపోతే క్లాంగ్‌డీ ఏ దారులూ మాక్రోలూ లేని ఒట్టి ఆజ్ఞనొకదాన్ని తనే ఊహించుకుంటుంది. ఎర్రగీత అంటే తనకి తెలియదని ఒప్పుకోవడం. బూడిదరంగు అంటే తెలుసుననుకోవడం. నేను మొదటిదాన్ని విసుక్కుని రెండోదాన్ని నమ్మాను.

బిల్డు సాధనాల పుట్టుకే ఇలాంటి పోగొట్టుకున్న పూటలోంచి జరిగింది. బెల్ ల్యాబ్స్‌లో ఒకాయన సరిగ్గా ఉన్న ప్రోగ్రాములో తప్పు వెతుకుతూ ఉదయమంతా గడిపాడు. తప్పు ఎప్పుడో దిద్దాడు గాని ఆ ఫైలుని మళ్ళీ కంపైలు చెయ్యలేదు. అది చూసి స్టూవర్ట్ ఫెల్డ్‌మన్ 'మేక్' రాశాడు, 1976లో. మన అన్నపూర్ణ స్టూడియోదీ అదే ఏడు.

గురువుగారడిగిన జాబితా నిజంగానే ఉంది. దాని పేరు కంపైల్ కమాండ్స్ జేసన్. ప్రతి సోర్సు ఫైలుకూ అందులో మూడు సంగతులుంటాయి: ఏ ఫోల్డర్లో ఉండి, ఏ ఫైలుని, ఏ ఆజ్ఞతో కంపైలు చేశారు. సీమేక్‌లో 2011లో వచ్చిన 2.8.5 వెర్షను నుంచి 'సీమేక్ ఎక్స్‌పోర్ట్ కంపైల్ కమాండ్స్' అనే చరరాశిని ఆన్ చేస్తే చాలు, జాబితా వచ్చేస్తుంది. మేక్‌కో నింజాకో పని పురమాయించేటప్పుడే సుమండీ. విజువల్ స్టూడియో ప్రాజెక్టు తయారు చేయిస్తే రాదు. క్లాంగ్‌డీ దాన్ని ఫైలున్న ఫోల్డరు నుంచి పైపైకి, మధ్యలో 'బిల్డ్' అనే ఫోల్డర్లలో కూడా వెతుక్కుంటుంది. సీమేక్ లేని పాత మేక్ ప్రాజెక్టులకి 'బేర్' అనే సాధనం ఉంది. అది బిల్డు నడుస్తుండగా పక్కన కూర్చుని ప్రతి కంపైలరు పిలుపునీ రాసుకుంటుంది. ముందు మేక్ క్లీన్ చెయ్యడం మరవకండి. ఏదీ కంపైలు కాకపోతే రాసుకోవడానికీ ఏమీ ఉండదు.

చెప్పినంత సులువుగా నాకు కాలేదు. నాలుగు రోజులు పట్టింది. మొదట కంటెయినరు బయట సీమేక్‌ని నేరుగా నడిపి జాబితా తీశాను. ఎర్రగీతలన్నీ పోయాయి, సంబరపడ్డాను. ఫైలు తెరిస్తే ఆ 11 పంక్తులూ ఇంకా బూడిదరంగులోనే ఉన్నాయి! మాక్రో చేర్చేది పైథాన్ స్క్రిప్టు. నేను దాన్ని దాటేసి వెళ్ళాను. జాబితా అనేది ఏదో ఒక బిల్డు నుంచి వస్తే చాలదు, ఫార్మ్‌కి వెళ్ళే బిల్డు నుంచే రావాలి. సరే, మొత్తం తతంగం నడిపి కంటెయినరు లోపల తీశాను. ఈసారి అందులోని దారులన్నీ కంటెయినరువి. నా ల్యాప్‌టాప్‌లో అలాంటి ఫోల్డర్లే లేవు. దారులు మార్చి చెప్పే సదుపాయం క్లాంగ్‌డీలో ఉంది, కాని లైబ్రరీల హెడర్లు కూడా లోపలే ఉన్నప్పుడు క్లాంగ్‌డీనే కంటెయినర్లో నడపడం మేలనిపించింది. ఎడిటరు తెర బయట, బుర్ర లోపల. తరవాత స్టాండర్డ్ హెడర్ల దగ్గర పేచీ. మేం వాడేది జీసీసీ. దాని సొంత హెడర్లు ఎక్కడున్నాయో అడిగి తెలుసుకోవడానికి 'క్వెరీ డ్రైవర్' అనే అనుమతి ఇవ్వాలి. అడగకుండా ఏ ప్రోగ్రామునీ నడపకపోవడం దాని జాగ్రత్త, మంచిదే. అప్పటికప్పుడు తయారయ్యే హెడర్లకి మందు వేరే లేదు, ముందు ఒకసారి బిల్డు పూర్తిచెయ్యడమే.

హెడర్ ఫైళ్ళకి జాబితాలో చోటు ఉండదు, ఎందుకంటే వాటిని విడిగా ఎవరూ కంపైలు చెయ్యరు. దగ్గరి పేరున్న సోర్సు ఫైలు ఆజ్ఞని క్లాంగ్‌డీ అరువు తెచ్చుకుంటుంది. చాలావరకు సరిపోతుంది, అప్పుడప్పుడు బోల్తా పడుతుంది. అనుమానం వస్తే 'చెక్' అనే ఐచ్ఛికంతో ఆ ఫైలు పేరిచ్చి క్లాంగ్‌డీని నడపండి. ఏ ఆజ్ఞతో చదువుతోందో అచ్చువేసి చూపిస్తుంది. నేను మొదటిరోజే ఆ పని చేసి ఉంటే మాక్రో లేదన్నది కంటికి కనబడేది.

అయిదోరోజు ఆ ఫైలు మళ్ళీ తెరిచాను. 11 పంక్తులూ రంగుల్లో ఉన్నాయి. ఈసారి వాటి కిందున్న ఎల్స్ మూడు పంక్తులూ బూడిదరంగులోకి పోయాయి. వాటిని ముట్టుకోలేదు. కళాకారుల బల్లల మీద నడిచే బిల్డుకి కావలసినవి అవే.